ఛాయ లేని ఛాయాచిత్రములు

ఛాయాచిత్రమను మాటను మన భాషలో మొదట వాడినవారెవరో గాని, వారు తెలిసియే వాడిరనిపించును. పాశ్చాత్యులు ఈ విద్యకు వెలుగు పేర నామకరణము చేసిరి. ఫోటోగ్రఫీ యనగా వెలుగుతో వ్రాయుట. మనము నీడ పేర చేసికొంటిమి. ఛాయ యనగా నీడ. ఛాయ యనగా ప్రతిబింబము. ఛాయ యనగా మేనివన్నె కూడ. చామనచాయ యనునప్పుడు మనము వాడునది ఈ మాటనే. నీడయు, పోలికయు, వన్నెయు, ఈ మూడును నిలిచిననే అది ఛాయాచిత్రము. నేడు మన యిండ్ల ఆల్బములలోను, మన సంఘముల సంచికలలోను ఈ మూడును ఒక్క పెట్టున నశించుచున్నవి. నీడను తుడిచివేయుచున్నాము, దానితో పోలిక చెడుచున్నది, వన్నె మారిపోవుచున్నది. ఆ యలవాటునకు ఎదురు చెప్పుటకే ఈ వ్యాసము.

రాత్రివేళ గాని, వెలుతురు చాలని గదిలో గాని తీసిన చిత్రములను దిద్దువారు నేడు రెండు తెగలుగా ఉన్నారు. మొదటి తెగవారు కంప్యూటరులోనో చేతిఫోనులోనో ఉన్న షాడోస్ అను మీటను కుడివైపు చివరంట జరిపి, చీకటి యంతయు పోయినదని సంతోషింతురు. దీపపు వెలుగున జరిగిన పెండ్లి మిట్టమధ్యాహ్నము జరిగినట్లగును. నల్లని గోడ బూడిద పులుముకొనును. ముఖములు సున్నము కొట్టినట్లుండును. రెండవ తెగవారు దీనికి జడిసి, తీసినది తీసినట్లే ఉండవలెననియు, దిద్దుట మోసమనియు పట్టుపట్టుదురు. వారి చిత్రములలో దీపము ముందున్న ఇద్దరు కనబడుదురు. వెనుక కూర్చున్న పదిమంది బొగ్గుముద్దలో కలిసిపోవుదురు. మొదటివారు రాత్రిని చంపుచున్నారు. రెండవవారు మనుష్యులను పూడ్చిపెట్టుచున్నారు. నేను చెప్పదలచినది ఒక్కటే. చీకటిలో కెమెరా నిజముగా పట్టిన వివరమును వెలికి తీయుట మన విధి. చీకటిని చీకటిగా నిలుపుటయు మన విధియే. ఈ రెండింటికిని విరోధమున్నదని తలచుటయే నేటి తప్పులన్నింటికి మూలము.

మాట గాలిలో పోకుండుటకు ఒక తావు చెప్పెదను. తంజావూరు జిల్లాలోని మెలట్టూరు భాగవత మేళమును ఎఱుగని ప్రవాసాంధ్రుడుండడు. అచ్యుతప్ప నాయకుని కాలమున తెలుగు కుటుంబములకు దానముగా లభించి, ఆయన పేరుమీద అచ్యుతపురమని వ్యవహరింపబడిన గ్రామమది. త్యాగరాజస్వామికి పెద్ద సమకాలికుడైన వేంకటరామశాస్త్రి రచించిన తెలుగు నాటకములు, చుట్టును తమిళమే వినబడు ఆ ఊర, నరసింహ జయంతి వేళ వరదరాజస్వామి కోవెల యెదుట నేటికిని ఆడబడుచున్నవి. స్త్రీ పాత్రలను సైతము పురుషులే ధరింతురు. ఆట రాత్రి మొదలై తెల్లవారుజామున ముగియుట సంప్రదాయము. ప్రహ్లాద చరిత్రమున నరసింహుని మొగము మామూలు వేషపు సామాను కాదు. అది కోవెలలో పూజలందుకొను మొగము. దానిని ధరించువాడు ఉపవాసముండి ధరించును.

ఆ నాటకమున నరసింహుడు వెలువడు వేళను తలచికొనుడు. హిరణ్యకశిపుడు కోరుకొన్న వరమేమి? పగలు చావరాదు, రేయి చావరాదు. ఇంట చావరాదు, బయట చావరాదు. కావుననే స్వామి సంధ్యవేళను, గడపను ఎన్నుకొనెను. కథకు ప్రాణమంతయు ఆ వెలుగుచీకట్ల నడిమి గీతలో నున్నది. ఇట్టి ఘట్టమునకు చిత్రము తీసి, మీట జరిపి, పట్టపగలు చేసిన పెద్దమనిషి ఏమి చేసినట్లు? పగటిపూట చావు లేదని వరమిచ్చిన బ్రహ్మ మాటను త్రోసివేసినట్లు. అట్లని ఆ మొగము తప్ప తక్కినదంతయు నల్లగా వదలినవాడు మాత్రము ఏమి చేసినట్లు? ప్రహ్లాదుని జోడించిన చేతులను, ప్రక్కన మృదంగము వాయించువాని వ్రేళ్లను, వెనుక నిలిచి పాడు పెద్దలను కథనుండి వెలివేసినట్లు. స్వామి నిలిచిన గడపమీదనే దిద్దువాడును నిలువవలెను. అది కష్టమైన చోటు. కాని నిలువదగిన చోటు అదియొక్కటే.

అట్లు నిలుచుటకు కంటికిని కెమెరాకును గల భేదము తెలియవలెను. చీకటి గదిలోనికి పోయినప్పుడు తొలుత మనకేమియు కనబడదు. కొంతసేపటికి కనుపాప విచ్చుకొని, కంటి లోపలి పొర మేల్కొని, మూలనున్న బిందె కూడ కనబడును. కన్ను దీపము వైపు తిరిగినప్పుడొక రీతిని, మూల వైపు తిరిగినప్పుడొక రీతిని సర్దుకొనును. కెమెరాకు ఈ సర్దుబాటు లేదు. అది దీపమును, మూలను ఒకే క్షణమున, ఒకే కొలతతో చూచును. కావున కెమెరా చూపిన నల్లదనమే సత్యమని వాదించువారు, అక్కడ కూర్చుండి కన్నులార చూచినవాని సాక్ష్యమును త్రోసిపుచ్చుచున్నారు. దిద్దుట యనగా యంత్రము చూపునుండి మనిషి చూపునకు తిరిగి వచ్చుట.

అయితే ఎంతవరకు రావచ్చును? దీనికి యంత్రమే హద్దు చెప్పును. కెమెరాలోని సెన్సారు వెలుగును లెక్కించు పరికరము. 14 బిట్ల రా ఫైలులో ఒక్కొక్క బిందువునకు 16,384 మెట్లుండును. వెలుగు సగమగుటను ఒక స్టాపు తగ్గుట యందురు. మిక్కిలి ప్రకాశవంతమైన తొలి స్టాపు ఒక్కటియే వీనిలో 8,192 మెట్లను తీసికొనును. రెండవదానికి 4,096, మూడవదానికి 2,048. ఇట్లు సగము సగముగా దిగి, ఏడవ స్టాపునకు మిగులునవి 128 మాత్రమే. మన పితామహుని పంచెమడతలు, గూటిలోని విగ్రహము, తడికె వెనుకనుండి తొంగిచూచు పిల్ల, వీరందరును ఆ కొద్దిపాటి మెట్లలోనే సర్దుకొని యుందురు. జేపెగ్ ఫైలులో ఒక్కొక్క రంగునకు మొత్తము మెట్లే 256. అందు చీకటి పాలికి వచ్చునవి కొన్నియే. అదియు ఫైలు చిన్నదగుటకై నొక్కబడి, 8 బిందువుల పొడవు 8 బిందువుల వెడల్పు గల గళ్లుగా విడిపోయి యుండును. దానిని లాగి ఎత్తినప్పుడు వివరము రాదు, గళ్లు వచ్చును.

ఇంకొక చిక్కు కలదు. వెలుగు కణములు వానచినుకులవలె క్రమము లేక పడును. 10,000 కణములు పడుచోట హెచ్చుతగ్గులు సుమారు 100, అనగా నూటికి ఒకటి. 100 కణములే పడుచోట హెచ్చుతగ్గులు సుమారు 10, అనగా నూటికి పది. చీకటి భాగమున ఇసుక చల్లినట్లు కనబడు గరుకునకు కారణమిదియే. దీనినే నాయిస్ అందురు. చీకటిని మూడు స్టాపులు ఎత్తుట యనగా దానిని 8 రెట్లు చేయుట. వివరముతో పాటు గరుకును 8 రెట్లగును. ఏ మీటయు ఈ లెక్కను మార్చలేదు. కావున వెలికి తీయుటకు ముందు, లోపల పడియుండవలెను. బావిలో నీరుండిననే చేద పనికివచ్చును.

అందుచేత నీడల రక్షణ దిద్దునప్పుడు గాక, తీయునప్పుడే మొదలగును. రా ఫైలుగా తీయవలెను. కెమెరాకు ఆధారమునిచ్చి, దృశ్యము కదలనప్పుడు షట్టరును ఎక్కువసేపు తెఱచియుంచవలెను. నాట్యమైనచో అట్లు కుదరదు; సెకనులో 125వ వంతుకంటె ఎక్కువసేపు తెఱచియుంచినచో అడుగులు చెదరును. అప్పుడు ఎఫ్ 2.8 కటకమునకు బదులు ఎఫ్ 2 కటకము దొరకినచో వెలుగు రెట్టింపగును. దీపశిఖ నడుమ తెల్లగా పోయినను పోవచ్చును. కంటికిని అది తెల్లగనే తోచును. కాని దీపము సోకిన చెంప మాత్రము తెల్లబోరాదు. నీడలోనిది కొంతవరకైన వెలికి వచ్చును; తెల్లబోయినది ఎన్నటికిని తిరిగి రాదు. ఈ ఒక్క నియమమును పాటించి, ఆ పైని ఎంత వెలుగు పట్టగలమో అంతయు పట్టవలెను. ఫ్లాషు వేసినవాడు మాత్రము ఈ శ్రమ యంతటిని తప్పించుకొనును. దానితో పాటు దృశ్యమును కూడ తప్పించుకొనును. ఎదురుగా పేలిన తెల్లని వెలుగున దీపారాధనకు అర్థమేమి?

ఇక దిద్దుటకు కూర్చున్నవాని పద్ధతి. మొదట మొత్తము చిత్రపు వెలుగును కొంచెము పెంచి చూడవలెను. పెక్కుసార్లు ఇంతమాత్రముననే సగము పని తీరును. పిమ్మట నీడలను ఎత్తవలెను, అదియు అంతటను గాక, మనిషి ఉన్నచోట, వస్తువున్నచోట, ముసుగు వేసి ఎంతవరకు కావలెనో అంతవరకు. ఎత్తిన వెంటనే నల్లదనము పలచబడి పొగ క్రమ్మినట్లగును. అప్పుడు చిత్రములో నిజముగా నల్లగా ఉండవలసిన ఒక తావును, తలుపు సందునో, వాకిటి వెలుపలి ఆకాశమునో ఎన్నుకొని, దానిని మరల నలుపునకు దింపవలెను. నల్లని ఆ ఒక్క మూల ఉన్నంతసేపు, ఎత్తిన నీడలన్నియు రాత్రిలో నిలిచియుండును. అది పోయినచో రాత్రియే పోవును. గరుకును తీయునప్పుడు రంగురంగుల మచ్చలను ముందు తీయవలెను. సన్నని ఇసుకను కొంత విడిచిపెట్టవలెను. అంతయు నున్నగా తుడిచినచో ముసలివారి ముడుతలు పోయి మైనపు బొమ్మలు మిగులును.

దీపపు రంగును గూర్చి ఒక మాట. నూనెదీపపు వెలుగు రంగుకొలతలో సుమారు 1,900 కెల్విన్. పగటి వెలుగు సుమారు 5,500. అనగా దీపపు వెలుగున ఎఱుపు మెండు, నీలము మిక్కిలి తక్కువ. ఆ పసుపు తప్పనియు, తెల్లని పంచె తెల్లగనే కనబడవలెననియు పట్టుదలతో రంగు దిద్దువారు, తెలియకయే ఆ చిక్కిన నీలమును పలురెట్లు పెంచుచున్నారు. గరుకంతయు అందులోనుండియే పైకి తేలును. దీపము ముందు తెల్లపంచె పచ్చగా కనబడుట లోపము కాదు. అది దీపమున్నదనుటకు సాక్ష్యము. ఆ సాక్ష్యమును చెరుపనివానికి నీడలు కూడ శుభ్రముగా వెలికి వచ్చును. ఎక్కడ ఆగవలెనో తెలియుటకు నా గురుతు ఇది: దిద్దిన చిత్రములో దీపము వెలుగుచున్నట్లు తోచుచున్నదా? తోచినచో సరియే. ఊరక పెట్టిన వస్తువువలె తోచినచో మీట హద్దు దాటినది.

దిద్దుటయే మోసమనువారికి ఇప్పుడు బదులు చెప్పెదను. ఏ కాలమున ఛాయాచిత్రము దిద్దకుండ పుట్టినది? చీకటిగదిలో ఎన్‌లార్జరు క్రింద చేయి అడ్డము పెట్టి, ఒక ముఖమును కాపాడి ఒక గోడను నల్లచేయుట మన ఊళ్ల స్టూడియో పనివారందరికిని తెలిసిన విద్యయే. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనువారు 1940 ప్రాంతమున దీనిని జోన్ పద్ధతి యను శాస్త్రముగా కూర్చిరి: ఫిల్ము పై నీడలకు చాలునంత వెలుగునిచ్చి, ప్రకాశములను కడుగునప్పుడు అదుపు చేయుట దాని సారము. అంతదూరమేల? 1957 నాటి మాయాబజారు చిత్రమున మార్కస్ బార్ట్లే పట్టిన వెన్నెలను చూడని తెలుగువాడు కలడా? ఆ నౌకావిహారమున రాత్రి రాత్రిగనే యున్నది, ముఖములును కనబడుచున్నవి. అది మోసమని ఎవరైన అందురా? నీడకు ఎంత ఇవ్వవలెనో అంత ఇచ్చిన కళ యందుము. నలుపు తెలుపులలో ఆనాడు సాధ్యమైనది, చేతిలో ఇన్ని మీటలున్న ఈనాడు అసాధ్యమగుట యంత్రపు లోపము కాదు.

ఇంతవరకు చెప్పినది పనితనమును గూర్చి. ఇక నీతిని గూర్చి చెప్పవలసినది కలదు. నా అసలు తగవు ఇక్కడనే. నీడలను ఎత్తుదుమను నెపమున మనము మేనివన్నెను మార్చుచున్నాము. చామనచాయ పెండ్లికూతురు గోధుమవన్నె యగుచున్నది. నల్లని పెదతండ్రి మాసిన కాగితపు రంగునకు వచ్చుచున్నాడు. తల్లి, కూతురు, మనుమరాలు ముగ్గురును ఒకే పిండిరంగున అచ్చుపడిన సంచికను నేను చూచితిని. అడిగినచో, కుటుంబమువారే అట్లు కోరిరని దిద్దినవారందురు. స్టూడియోవారే అట్లు చేసిరని కుటుంబమువారందురు. ఎవరును చేయని పాపము ఇంటింట ఎట్లు జరుగుచున్నది? నీలమేఘశ్యాముడని ప్రతిదినము చేతులు మోడ్చి, నల్లనయ్య యని ముద్దుగా పిలిచి, ఆ వన్నెయే మన ఇంటి ఆడుబిడ్డకు వచ్చినప్పుడు దానిని తుడిచివేయు మనకు ఏ దేవుడు మెచ్చును?

ఈ వ్యాధి యంత్రములకును పూర్వమే సోకినది. 1950 దశకము మొదలు కోడాక్ సంస్థవారు రంగుముద్రలను సరిచూచుకొనుటకు ప్రయోగశాలలకు పంపిన కొలతపటములో ఒక తెల్లజాతి స్త్రీ బొమ్మ యుండెడిది. దానికి షర్లీ కార్డని పేరు. ఆమె చర్మము సరిగా వచ్చినచో రంగు సరిగా వచ్చినట్లే. నల్లనివారి ముఖములు కన్నులును పండ్లును తప్ప కనబడక పోయినను, చాలకాలము ఆ కొలత మారలేదు. చాక్లెట్లను, కలపసామానును అమ్ము వర్తకులు తమ సరకుల గోధుమరంగుల తేడాలు సరిగా పడుటలేదని మొఱపెట్టుకొన్నమీదట గాని ముదురు రంగుల నీడలకు ఫిల్ములో తగిన చోటు దొరకలేదని ఈ చరిత్రను పరిశోధించినవారు చెప్పుదురు. పరాయివారి కొలత మన ముఖములను చీకటిలో త్రోసినందుకు మనము నొచ్చుకొనవలసినదే. కాని నేడు కొలత మన చేతిలోనే యున్నది. ఆనాడు వారు మనలను నల్లముద్ద చేసిరి. ఈనాడు మనమే మనలను సున్నపుముద్ద చేసికొనుచున్నాము. రెండింటను పోయినది ముఖమే.

నల్లని ముఖమును దిద్దుట యనగా దానిని తెల్లచేయుట కాదు. నల్లని చర్మమునకు దాని వెలుగులు దానికున్నవి: నుదుటి మెఱుపు, చెక్కిలి గుండ్రన, కంటిక్రింది లోతు. ఆ వెలుగులకును ఆ నీడలకును నడుమనున్న మెట్లను విడదీసి చూపుటయే పని. వన్నె కదలరాదు, వన్నెలోని వివరము కదలవలెను. ఈ భేదము తెలియనివాని చేతికి మన పెద్దల ముఖములను అప్పగింపరాదు.

తుదకొక వాదము వినబడుచున్నది: నేటి యంత్రబుద్ధి ప్రోగ్రాములు అన్నియు తామే చేయునట, మనకు శ్రమ యేల యని. ఇందు రెండు సంగతులు కలిసియున్నవి, వేరుచేయవలెను. చేతిఫోను రాత్రివేళ వరుసగా పెక్కు చిత్రములు తీసి కలుపుచున్నది. ఇది న్యాయమైన పని. 16 చిత్రములను సరాసరి చేసినచో గరుకు నాల్గవ వంతునకు దిగును. అక్కడ ఉన్న వెలుగునే ఎక్కువసార్లు లెక్కించుట యది. కాని కొన్ని ప్రోగ్రాములు నీడలో ఏమియు లేనిచోట తామే కల్పించుచున్నవి: లేని కనురెప్పలు, లేని పండ్లు, ఎన్నడును ఆ చీరకు లేని అంచు. చూచుటకు ముచ్చటగనే యుండును. కాని అది ఆమె కన్ను కాదు, ఆమె చీర కాదు. సాక్షి తాను చూడనిదానిని చెప్పినచో న్యాయస్థానమున దానికొక పేరున్నది. చిత్రమునకు మాత్రము వేరొక ధర్మముండునా? పట్టనిది పట్టలేదని ఒప్పుకొని నల్లగా వదలుట గౌరవము. లేనిదానిని వ్రాయుట దొంగసంతకము.

ఇదంతయు ఎల్లవారికిని వర్తించునదే గదా, మనకు ప్రత్యేకముగా చెప్పనేల యని అడుగవచ్చును. చెప్పవలసినది మనకే. ఆంధ్రదేశమున తెలుగువాని బ్రదుకునకు ఊరూరను సాక్ష్యములున్నవి. బడి యున్నది, కచేరీ యున్నది, గోడమీది అక్షరమున్నది. మనకు అవి అన్నిచోట్ల లేవు. షోలాపురమున పద్మశాలి యింట మగ్గపు గదిలోను, బరంపురమున రెండేండ్లకొకసారి వచ్చు ఠాకురాణి యాత్ర రాత్రులలోను, బెంగుళూరులోని పాత ఇంటి నడవలోను, యానాములో గౌతమీ తీరమున కార్తిక దీపములు విడుచు తెల్లవారుజాములలోను మన తెలుగుతనము సాగినది. అది సాగినచోట్లన్నియు వెలుతురు తక్కువైనచోట్లే. మగ్గపు గుంటలో కాళ్లు, ద్వారబంధముమీద తెలుగున చెక్కిన పేరు, అటకమీది తాళపత్రపు కట్ట, వంటింటి గోడకు మసిబారిన దేవుని పటము, ఇవి యన్నియు నీడలోనే యుండును. ఇండ్లు అమ్ముడుపోవుచున్నవి, పిల్లలు వేఱు భాషలలో చదువుకొనుచున్నారు. రేపు ఎవరైన మీరిక్కడ ఎట్లు బ్రదికితిరని అడిగినచో, చూపుటకు మిగులునవి ఈ చిత్రములే. వీని వెలుగు భాగమున నవ్వు ముఖములుండును. అవి ఎక్కడివారికైన ఉండును. మనము మనమని చెప్పు గురుతులు నీడ భాగమున నున్నవి. వానిని నల్లగా వదలుటయు నేరమే, బూడిద చేయుటయు నేరమే.

పాత చిత్రములకును ఈ మాట చెల్లును. తొలినాటి ప్లేట్లకు ఎఱ్ఱని రంగు సరిగా తెలియదు. కావున మన ముత్తాతల చర్మము ఉన్నదానికంటె ముదురుగా పడినది. అట్టిచోట నీడను కొంత ఎత్తుట న్యాయమే. అది వన్నెను మార్చుట కాదు, వన్నెకు చేరువగుట. పాత వెండి ముద్రలలో నల్లని భాగములు అద్దమువలె నీలముగా మెఱయుచుండును. స్కానరు ఆ మెఱుపును వెలుగనుకొనును. దీపములను ప్రక్కలనుండి వాల్చి కెమెరాతో ప్రతి తీసినచో ఆ మెఱుపు తగ్గి లోపలి వివరము దొరకును. ప్రతిని 16 బిట్ల టిఫ్ ఫైలుగా దాచి, దిద్దుటయంతయు దాని నకలుమీదనే చేయవలెను. మూలమును ముట్టరాదు.

కావున మన సంఘములవారిని నాలుగు కోరికలు కోరుచున్నాను. మొదటిది, సంచికకు పంపు చిత్రములు వాట్సాపున నలిగినవిగా గాక, తీసినప్పటి మూలఫైలుగా తెప్పించుకొనుడు. రెండవది, మేనివన్నెను తేలిక చేసిన చిత్రమును, ఎంత పెద్దవారిదైనను, అచ్చు వేయకుడు. యంత్రము కల్పించిన ముఖమును అసలే వేయకుడు. మూడవది, కంప్యూటరు తెరను నమ్మక, అచ్చు కాగితముమీద నమూనా తీసి చూడుడు. తెర తానే వెలుగు చిమ్మును, కాగితము చిమ్మదు. ఆఫ్‌సెట్ అచ్చున సిరాచుక్క కాగితముపై విప్పారి నీడలను ఇంకను మూసివేయును. తెరపై సరిపోయినది కాగితముపై మునిగిపోవును గనుక, ఆ మాత్రము నీడను అచ్చు కొఱకై ఎత్తుట తగును. నాల్గవది, అచ్చైన పిమ్మట మూలములను పారవేయక, ఎవరు, ఎక్కడ, ఏ యేట అను వివరములతో సంఘమున భద్రపఱచుడు. దిద్దుబాటు నేటి రుచి. మూలము రేపటి ఆస్తి.

ఇవి ధనముతో కూడిన పనులు కావు, శ్రద్ధతో కూడినవి. సూర్యుని తేజమును భరింపలేక సంజ్ఞ తన ఛాయను ఇంట నిలిపి పోయినదని పురాణము చెప్పును. ఆ ఛాయయే ఇల్లు నడపినది, పిల్లలను కన్నది. దేశము విడిచి వచ్చిన మన కుటుంబములలో ఇల్లు నడపినవారందరును అట్లే వెనుక నిలిచినవారు: దీపము పట్టినవారు, వంటింట నిలిచినవారు, మృదంగము వాయించినవారు, మగ్గమున కూర్చున్నవారు. చిత్రమున వారు నీడలో నున్నారు. వారిని వారి నీడతోడనే, వారి వన్నెతోడనే ముందుకు పిలువుడు. తెల్లచేసి తెచ్చినచో వచ్చునది వారు కాదు.